తలుపుతల్లి గడియ

6, ఆదివారం

తలుపుతల్లి దేవత కాదట. జైలరట.

ఈ మాట అన్నదెవరయ్యా అంటే, మా బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టి పట్టుమని నెల కూడా కాని పిల్ల. ఇన్సూరెన్సు కంపెనీలో పని. ఎక్కడైనా ఇల్లు కాలిపోతే వెళ్ళి, మంట దానంతటదే పుట్టిందా, ఎవరైనా పుట్టించారా అని చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. కాలిన కొంపలు చూసుకునే పిల్లని తెచ్చి మా లోకంలో వదిలాడు టేపు. ముందు వాణ్ణి అనాలి.

మొదట్నుంచీ రాసుకుంటాను. లేకపోతే ఈ కడుపుమంట చల్లారేలా లేదు.

టేపు దర్జీ. మెడలో కొలతల టేపు లేకుండా వాణ్ణి చూసినవాళ్ళు లేరు, అందుకే ఆ పేరు. కొట్టు పైగదిలో బట్టలు కత్తిరించే పెద్ద బల్ల ఉంది. పదేళ్ళుగా ఆదివారం మధ్యాహ్నమైతే ఆ బల్ల చుట్టూ మేం. పేకా పాచికలూ ఉండవు, మాటలతో అల్లుకునే కథే మా ఆట. నడిపేది టేపు. అందులో కొండలూ ఊళ్ళూ వానా తోడేళ్ళూ అన్నీ వాడి చేతిలో ఉంటాయి. మిగిలినవాళ్ళకి తలా ఒక వేషం. డ్రైవరు బయట బస్సు నడుపుతాడు, ఆటలో దొంగ. నేను తలుపుతల్లి గుడికి పెద్దమ్మని. తమ్ముడు ఆ గుడి గడియవాడు.

ఆ దేవతని పుట్టించింది మా తమ్ముడే. అప్పుడు వాడికి పదహారేళ్ళు. ఎవరితో తిరుగుతున్నాడో చూద్దామని నేనూ వెంట వెళ్ళాను, వెళ్ళినదాన్ని ఊరికే గోడకి చేరబడి కూర్చోవడమెందుకని ఆడాను, అంతే. ఆ మొదటి ఆదివారమే టేపు అడిగాడు, "ఆటలో మీ ఊరివాళ్ళు ఎవర్ని మొక్కుతారు?" అని. మావాడు నా వైపు ఒక్కసారి చూసి "తలుపుతల్లిని" అన్నాడు. వేరే విగ్రహం లేదు, గుడి తలుపే ఆవిడ. తలుపు మీద రెప్పల్లేని రెండు కళ్ళు చెక్కి ఉంటాయి. నిద్రపోదు. పొద్దు వాలేసరికి పిల్లలంతా లోపలికి చేరాలి (భక్తుల్ని ఆ గుళ్ళో పిల్లలంటారు). పెద్దమ్మ ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంది. "ఉన్నానమ్మా" అని పలకాలి. ఎక్కడికెళ్ళారో, ఎవరితో మాట్లాడారో, ఏం తిన్నారో తల్లికి చెప్పుకోవాలి. ఒక్కరు పలక్కపోయినా ఆ పూట ఎవరూ ముద్ద ముట్టరు. అందరూ పలికాక గడియవాడు గడియ వేస్తాడు.

నన్ను చూసే వాడా దేవతని కట్టాడు. అమ్మ పోయేనాటికి వాడికి పదకొండు, నాకు ఇరవై రెండు. వాడికి తల్లీ తలుపూ నేనే. మావాడు నన్ను దేవతని చేశాడని నేను చెప్పుకోని చోటు లేదు.

ఇవాళ ఆ పిల్ల తాపీగా అడుగుతుంది కదా: "గడియ ఏ వైపుంది?"

"ఏ వైపుంటే నీకేం?"

"కాలిన ఇంటికెళ్తే మేం ముందు చూసేది అదే అక్కా. గడియ లోపలుందా బయటుందా అని."

నేను నీకు అక్కనెప్పుడయ్యానమ్మా?

"లోపలే ఉంటుంది. తోడేళ్ళు రాకుండా కదా గడియ" అన్నాను.

ఆ పిల్ల గోడ వైపు చెయ్యి చూపించింది. మా బల్లకి ఒక రూలుంది. దేవుళ్ళ గురించీ గుళ్ళ గురించీ ఆటలో మొదట ఎవరి నోట ఏ మాట వస్తే అదే నిజం. టేపు దాన్ని గుడ్డలమీద గీసే సుద్దతో గోడ మీద రాస్తాడు. ఆ తర్వాత చెరిపే హక్కు టేపుకి కూడా లేదు. అర్థం మాత్రం ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు చెప్పుకోవచ్చు. ఇన్నేళ్ళ పోట్లాటలూ ఆ అర్థాల కోసమే. ఆ గోడ మీద ఓ మూల, తమ్ముడు మొదటి ఏడాదిలో అన్న మాట ఉంది: "గడియ వేసి, వెళ్ళి అరుగు మీద పడుకుంటాను."

అరుగు బయట కదా. కాబట్టి గడియ బయట. కాబట్టి అది తోడేళ్ళ కోసం కాదు.

డ్రైవరు దగ్గాడు. టేపు మెడలో టేపు సర్దుకున్నాడు. పదేళ్ళు ఆ గోడ కిందే కూర్చుని ఆడాం, ఒక్కరి బుర్రకీ తట్టలేదు. ఆ పిల్ల "సారీ అక్కా, నాకు అలా అర్థమైంది" అంది. నీ అర్థం నీ దగ్గరే ఉంచుకో అని లేచి వచ్చేశాను.

తమ్ముడుంటే దాని నోరు మూయించేవాడు. ఉంటే కదా.

7, సోమవారం

తమ్ముడు ఫోను ఎత్తలేదు. పనిలో ఉన్నాడేమో.

8, మంగళవారం

ఎత్తలేదు.

9, బుధవారం

నేను పళ్ళసెట్లు చేస్తాను. మైనంలో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి, పై దవడా కింద దవడా సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఇవాళ ఒక పెద్దాయన పై సెట్టు చేస్తూ చేస్తూ ఎప్పుడు నొక్కేశానో తెలీదు, మైనమంతా చితికిపోయింది. మళ్ళీ మొదట్నుంచి చేశాను.

నెల కిందట వాడు ఇల్లు వదిలి వెళ్ళిన రోజు కూడా నేను ల్యాబులోనే ఉన్నాను. ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్జు మీద వాడి తాళంచెవి. పక్కన ఒక్క ముక్క కూడా రాసి పెట్టలేదు. రాత్రి ఫోను చేసి చెప్పాడు, "వేరే గది తీసుకున్నానక్కా, పనికి దగ్గర" అని. పనికి దగ్గరట! లిఫ్టులు బాగుచేసేవాడికి పని ఎక్కడుంటుంది, లిఫ్టు ఎక్కడ ఆగితే అక్కడుంటుంది. ఊరంతా లిఫ్టులే.

ఏం తక్కువ చేశాను? ఎక్కడున్నావు అని అడిగాను. ఏ అక్క అడగదు? ఎవరితో ఉన్నావు అన్నాను. ఫోను ఎత్తకపోతే వాడి స్నేహితులకి చేశాను, వాళ్ళూ ఎత్తకపోతే వాళ్ళ ఇళ్ళకి చేశాను. కంగారుండదా? వాడు ఇంటికి రానిదే నేనేనాడూ కంచం ముందు కూర్చోలేదు. ఒకసారి పొద్దుపోయి వచ్చి "నువ్వు తినెయ్యొచ్చుగా అక్కా" అన్నాడు, కళ్ళలో నీళ్ళతో. నా మీద అంత ప్రేమ వాడికి.

ఇవాళ కూడా వండలేదు. వాడి కోసం కాదు. ఆకలి లేదు.

13, ఆదివారం

ఇవాళ నోరు మూయించాను. మూయించాననే అనుకున్నాను.

టేపు లెక్క ప్రకారం, ఎవరైనా నాలుగు వారాలు బల్ల దగ్గరికి రాకపోతే వాళ్ళ వేషం లోకంలో ఏమైందో తేల్చాలి. వేషాన్ని గాల్లో వేలాడదియ్యకూడదు. పొద్దు వాలింది, గుళ్ళో పేర్లు పిలవమన్నాడు. నేను పిలిచాను. డ్రైవరు పలికాడు. ఆ ఇన్సూరెన్సు పిల్ల ఆటలో కట్టెలమ్మి, అడవిలో కట్టెలు కొట్టి అమ్ముకునేది. దారిన పోతూ గుళ్ళో తలదాచుకుంది, అదీ పలికింది. గడియవాణ్ణి పిలిచాను.

ఎవరూ పలకలేదు. పలకడని తెలిసే పిలిచాను, అయినా ఇంకోసారి పిలిచాను. ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది. జాలిట, నా మీద. అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నిలబడి, పెద్దమ్మ గొంతుతో గది అదిరేలా అన్నాను:

"బిడ్డ తిరిగొచ్చేదాకా తల్లి కూడా ముద్ద ముట్టదు! గుమ్మం ముందు తల్లికి పెట్టే పళ్ళెం తీసెయ్యండి. ఆవిడ ఎండి చచ్చిపోతే ఆ పాపం వెళ్ళినవాడిది!"

టేపు సుద్ద పట్టుకుని "నిజంగానా?" అన్నాడు. రాయమన్నాను. రాశాడు. చూడండి ఎంత ప్రేమో, జైలరు ఎవడైనా ఖైదీ కోసం పస్తులుంటాడా అన్నాను. ఆ పిల్ల "కానీ అక్కా, ఇప్పుడు వెళ్ళినవాడు హంతకుడైపోయాడు కదా. ఊరికే వెళ్ళినవాడు" అంది.

దానికి జవాబు చెప్పేలోపు టేపు మెల్లిగా అన్నాడు, "పెద్దమ్మా, తెల్లవారింది. రోజూ ఈ వేళకి గడియ తీసేది గడియవాడు. ఇవాళ తియ్యడానికి ఎవరూ రాలేదు."

గడియ బయట. మనుషులు లోపల. పలకనివాడు ఒకడున్నాడు కాబట్టి ఎవరూ తినకూడదు. వాడొచ్చేదాకా తల్లీ తినదు, ఆ మాట ఇప్పుడే రాయించాను. తలుపు విరగ్గొడదామా అంటే తలుపే తల్లి.

"మా దొంగ ఎన్నో తాళాలు తీశాడు గానీ చెల్లెమ్మా, లోపల్నుంచి బయటి గడియ తియ్యడం వాడి తాత వల్ల కూడా కాదు" అన్నాడు డ్రైవరు.

14, సోమవారం

మెసేజి పెట్టాను: "నువ్వు రాకపోతే గుళ్ళో అందరూ చస్తారు. నేను కూడా."

సాయంత్రానికి జవాబిచ్చాడు: "అక్కా అది ఆట."

పదేళ్ళు వాడి ఆదివారాలన్నీ, నావీ, ఆ బల్ల మీదే పోసి ఇప్పుడు ఆటట.

17, గురువారం

మొన్నటి సెట్టు డాక్టరు వెనక్కి పంపించాడు. ఆ పెద్దాయన నోరు తెరవలేకపోతున్నాడట, పై పళ్ళు కింది పళ్ళని పట్టేసుకుంటున్నాయట. "ఏంటమ్మా ఇది, కరిచి పట్టుకున్నట్టు చేశావ్" అని ఫోనులో నవ్వాడు. ఆయనకి నవ్వులాటగా ఉంది.

సాయంత్రం బస్సెక్కితే మా డ్రైవరే. దిగేటప్పుడు ఒక రొట్టె పొట్లం చేతిలో పెట్టాడు. "తిను చెల్లెమ్మా. మొహం పీక్కుపోయింది. నా బస్సులో పడిపోయావంటే నా ఉద్యోగం మీదికొస్తుంది." ఆకలి లేదన్నా వినడు. ఇంటికి తెచ్చి అలమారులో పెట్టాను. ఆకలి లేదు నిజంగానే.

18, శుక్రవారం

రొట్టె బూజు పట్టింది.

20, ఆదివారం

పిల్లల్లో ఇద్దరు లేవలేకపోతున్నారని చెప్పాడు టేపు. ఆ ఇద్దరూ ఊరికే టేపు చెప్పే మనుషులు, వాళ్ళకి ఆడేవాళ్ళెవరూ లేరు, అయినా వాళ్ళు తిని ఎన్నాళ్ళయిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. వచ్చే ఆదివారంతో ఆఖరన్నాడు. ఆ తర్వాత గుళ్ళో బతికున్నవాళ్ళుండరు.

కట్టెలమ్మి గొడ్డలి తీసింది. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. నిజంగానే లేచి నిలబడి చేతులు చాపాను, కుట్టుమిషను మీది డబ్బా దొర్లి గుండీలన్నీ నేలపాలయ్యాయి.

"తలుపు మీద దెబ్బ పడితే ముందు నా మీద పడాలి" అన్నాను.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. ఆ గడియవాడు ఎందుకు వెళ్ళాడంటారు?"

"కృతజ్ఞత లేక! పెంచిన చెయ్యి బరువైపోయి వెళ్ళాడు. తిన్నది అరక్క వెళ్ళాడు. ఇంకేం చెప్పమంటావ్?"

"నేను గడియవాడి గురించి అడుగుతున్నాను" అంది మెత్తగా.

టేపు వంగి గుండీలు ఏరుతున్నాడు. తలెత్తి చూడడే! డ్రైవరు కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఇన్నేళ్ళ స్నేహం, ఒక్కడూ నా వైపు మాట్లాడలేదు. అప్పుడు ఆ పిల్ల ఇంకో అర్థం చెప్పింది. నేను అడగలేదు, అదే చెప్పింది. "ఆ రోజు జైలరన్నది తప్పక్కా. నేను మళ్ళీ ఆలోచించాను. జైలరైతే తాళంచెవి తన దగ్గరుంటుంది, సాయంత్రమైతే ఇంటికెళ్ళిపోతాడు. ఈ పెద్దమ్మ కూడా లోపలే కదా పడుకునేది."

చెప్పులేసుకుని వచ్చేశాను. మెట్ల మీద డ్రైవరు పిలుస్తూనే ఉన్నాడు.

21, సోమవారం

ఆ పిల్ల అన్నదాని గురించి నేను ఆలోచించడం లేదు.

22, మంగళవారం

ఆలోచించడం లేదని మళ్ళీ రాసుకుంటున్నాను. దాని ఉద్యోగమే అది, బూడిదలో వేలు పెట్టి కెలకడం. రేపు సగం రోజు సెలవు పెట్టాను. వాడి ఆఫీసుకి చేస్తే ఎక్కడ పనిచేస్తున్నాడో చెప్పారు.

23, బుధవారం

ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగు. లిఫ్టు పనిచెయ్యట్లేదు మేడమ్, మెట్లెక్కండి అన్నాడు వాచ్‌మన్. లిఫ్టు కోసం రాలేదన్నాను. కింద లిఫ్టు తలుపులు తీసి, ముందు అడ్డంగా ఓ కర్ర కట్టి ఉంది. వంగి లోపలికి తల పెట్టి "ఒరేయ్!" అని అరిచాను. పైదాకా మోగింది.

పైనెక్కడో చీకట్లో టార్చిలైటు కదిలింది. "అక్కా? నువ్వా? తల బయటికి తియ్యి ముందు!"

"ఎన్నిసార్లు ఫోను చెయ్యాలిరా నీకు..."

"తల తియ్యమన్నానా!"

వాడు నా మీద అరవడం అదే మొదటిసారి. తల తీశాను. వాచ్‌మన్ నన్ను కొత్త జంతువుని చూసినట్టు చూశాడు.

చేతుల నిండా గ్రీజుతో దిగొచ్చాడు. చిక్కి సగమై ఉంటాడనుకున్నాను. లావెక్కాడు వెధవ. బుగ్గలొచ్చాయి. అది చూడగానే నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మెట్ల మీద కూర్చున్నాం.

"తిన్నావా?" అన్నాడు.

"నీకెందుకు?"

"సరే."

"ఆదివారం వచ్చి గడియ తీసి పో. ఒక్కసారి రా చాలు. అందరూ చస్తున్నారక్కడ."

"టేపన్న చెప్పాడు." చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచాడో. "ఒక్కసారి వస్తే, గడియ తీసి పోనిస్తావా?"

పోనివ్వను. వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"అయినా గడియ వేసుందని ఎవరన్నారక్కా?"

"రోజూ వేసేది నువ్వే కదరా!"

"వెళ్ళేరోజు వెయ్యలేదు. లోపల మనుషులుంటే గడియ వేసి ఎలా వెళ్తాను? నేనంత దుర్మార్గుణ్ణా?" నా మొహంలోకి చూశాడు. "ఒక్కరైనా తోసి చూశారా?"

ఎవరూ తొయ్యలేదు. మొదటి వారం నుంచీ జరిగిందంతా బుర్రలో తిప్పి చూసుకున్నాను. తియ్యడానికి ఎవరూ రాలేదన్నాడు టేపు. గడియ పడి ఉందన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ పిల్ల నోట కూడా రాలేదు, అంత తెలివైనదాని నోట. గొడ్డలి ఎత్తాం, గొంతులు చించుకున్నాం, చావడానికి సిద్ధపడ్డాం, తలుపు మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

"పదేళ్ళు నేను అరుగు మీదే చాపేసుకుని పడుకున్నానక్కా. నాకు ఏ గడియా లేదు. ఏ రోజైనా పోవచ్చు. పోలేదు."

"ఎందుకు పోలేదు మరి?"

"నువ్వు లోపలున్నావని."

"ఇప్పుడు మాత్రం నేను లోపల లేనా?"

"గడియ తీసే వచ్చాను కదా" అన్నాడు.

పైనుంచి ఎవరో పిలిచారు. లేచాడు. మరి ఆదివారం రావా అన్నాను. "రానక్కా. ఆదివారాలు ఈత నేర్చుకుంటున్నాను." నేను వాణ్ణి ఏనాడూ నీళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. అడగకుండా ఏ పనీ చెయ్యని పిల్లాడు. ఏదో అనబోయేసరికి మెట్లెక్కి వెళ్ళిపోయాడు, రెండేసి మెట్లు ఎక్కుతూ.

24, గురువారం

ఈతట.

25, శుక్రవారం

వాడు చెప్పింది బల్ల దగ్గర చెప్పలేదు. మెట్ల మీద చెప్పింది చెల్లదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలీదు. అంతెందుకు, ఆదివారం వెళ్ళగానే "గడియ బిగిసి ఉంది" అని ముందుగా నేనే అన్నాననుకో, అదే నిజమైపోతుంది. టేపు రాస్తాడు. వాడు వచ్చి మొత్తుకున్నా చెరగదు. పెద్దమ్మ తలుపుని పట్టుకునే ప్రాణం వదులుతుంది. పాపం ఎవరిదో ఎలాగూ గోడ మీద ఉంది. ఎప్పుడో ఒకనాడు ఆ గదిలోకి వస్తాడు కదా, అప్పుడు చదువుకుంటాడు.

ఇవాళంతా పళ్ళు గుచ్చుతూ ఇదే ఊహించుకున్నాను. చాలా బాగుంది. వాడు గోడ ముందు నిలబడి ఏడుస్తున్నట్టు కూడా ఊహించుకున్నాను. ఏడుస్తుంటే వాడికి మళ్ళీ పదకొండేళ్ళ మొహమే వచ్చింది. ఆ తర్వాత అంత బాగాలేదు.

పెద్దాయన సెట్టు మళ్ళీ చేసి పంపించాను. ఈసారి కాస్త వదులుగా చేశాను.

26, శనివారం

ఆకలేసింది. నాలుగు గుడ్లు ఉడకబెట్టుకుని స్టవ్వు దగ్గరే నిలబడి తిన్నాను. దీనికి ఎవరూ అర్థాలు తియ్యక్కర్లేదు. ఆకలేసింది, తిన్నాను.

27, ఆదివారం

అందరూ నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు, చావింటికి వచ్చినట్టు. టేపు సుద్ద చెక్కి పెట్టుకున్నాడు.

"పెద్దమ్మా, ఇదే ఆఖరి పొద్దు. కట్టెలమ్మి గొడ్డలి ఎత్తింది. నువ్వు తలుపు దగ్గరున్నావు. ఏం చేస్తావు?"

గడియ బిగిసి ఉంది అనే మాట నాలుక చివర ఉంది. ఆ పిల్ల నన్నే చూస్తోంది. దాని మీద కోపం ఇవాళ్టికీ తగ్గలేదు, తగ్గేది కూడా కాదు.

"తోస్తాను" అన్నాను.

"ఏంటి?"

"తలుపు. చేత్తో తోస్తాను."

"చెల్లెమ్మా, గడియ..." అన్నాడు డ్రైవరు.

"ఎవరన్నారు గడియ ఉందని? గోడ చూడండి. ఎక్కడ రాసుందో చూపించండి!"

అందరూ లేచి గోడ దగ్గరికి వెళ్ళారు. డ్రైవరు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. టేపు వేలు పెట్టి ఒక్కో వరసా చూశాడు. ఎక్కడా లేదు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వెళ్ళేరోజు గడియవాడు గడియ వెయ్యలేదు. లోపల మనుషులున్నారని వెయ్యలేదు. ఇది నేను చెప్తున్నాను, రాసుకో" అన్నాను. టేపు రాశాడు. రాసి, "పెద్దమ్మ తోసింది. తలుపు తెరుచుకుంది" అన్నాడు.

"అంటే ఇన్నాళ్ళూ తెరిచున్న తలుపు వెనకాల కూర్చుని పస్తులున్నామా!" అని డ్రైవరు తల బాదుకున్నాడు. అంతలోనే అనుమానమొచ్చింది వాడికి. "అయినా తినడానికి లేదు కదా. పిల్లవాడు పలకందే ఎవరూ ముట్టకూడదు, వాడు తిరిగొచ్చేదాకా తల్లీ తినదంటివి. అది చెరగదు."

"చెరపమని ఎవరన్నారు? ఆ రూలు పిల్లలకి. వాడు పిల్లాడా? ఇరవై ఆరేళ్ళు నెత్తి మీదికొచ్చాయి. వాడి పేరు పిలవడమే తప్పు. పిలిచింది నేను. పళ్ళెం పెట్టండి, అందరూ తినండి."

ఈ అర్థానికి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ పిల్ల కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఇవాళ దాని చేతిలో గొడ్డలి నా చేతికొచ్చేది.

టేపు కొత్త సుద్ద తీసుకున్నాడు. నా వైపు చూడకుండా, గోడ వైపే తిరిగి అడిగాడు. "పెద్దమ్మ గుమ్మంలో నిలబడింది. మొదటిసారి బయటికి చూస్తోంది. ఏం కనిపిస్తోంది?"

గదిలో అందరికీ అర్థమైంది అదేం ప్రశ్నో. గుడి గురించి మొదట ఎవరు ఏమంటే అదే నిజం. గడియవాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు అని నేను అంటే వాడు ఉంటాడు. వాడికిష్టమున్నా లేకపోయినా ఉంటాడు. ఈతకి పోయినా ఇక్కడ ఉంటాడు. టేపు చెరపడు, ఆ పిల్ల ఎన్ని అర్థాలు తీసినా వాణ్ణి అక్కణ్ణుంచి లేపలేదు. ఎవరూ నన్ను తప్పు పట్టరు కూడా. ఉన్నాడు. ఒక్క మాట.

కింద వీధిలో ఎవరో హారను కొట్టారు. టేపు సుద్ద గోడకి ఆనించి అలాగే నిలబడ్డాడు.

"ఎవరూ లేరు" అన్నాను.

"అరుగు మీద?"

"లేడు. చాప కూడా చుట్టి పట్టుకుపోయాడు వెధవ. రాసుకో."